కింది ఫ్లాట్ కుళాయి

మా కింది ఫ్లాట్ అంకుల్ నిద్రలోనే పోయారన్న కబురు ఆయన ఫోన్ నుంచే వచ్చింది. ఆంటీ ఆ ఫోన్‌తోనే మా తెలుగువాళ్ళ గ్రూపులో పెట్టారు. ఆ నంబరు నుంచి రోజూ ఒక జోకు రావడం, దాన్ని చదవకుండానే మర్యాదకి ఓ నవ్వు బొమ్మ పెట్టడం లండన్‌లోని ఈస్ట్ హామ్‌లో మా అందరికీ అలవాటు. ఆ పొద్దున కూడా ఇద్దరు పెట్టేశారు. తర్వాత ఆ ఇద్దరూ వెళ్ళి ఆంటీ కాళ్ళమీద పడినంత పని చేశారు.

ఆయన మరణం హాస్యలోకానికి తీరని లోటని రాయాలని ఉంది. కానీ ఆయనున్న సంగతే హాస్యలోకానికి తెలీదు.

నేను ఎమ్మెస్సీకని వచ్చి పై ఫ్లాటులో దిగేనాటికి, ఆయన హాస్పిటల్ స్టోర్స్‌లో రిటైరై కామెడీలోకి దిగి ఉన్నారు. కాకినాడ మనిషి. కోరిక ఒకటే. తన జోకుకి ఒక్క మనిషైనా ఎదురుగా, నిజంగా నవ్వాలి. "బొమ్మ నవ్వులు కాదురా అబ్బాయ్, పళ్ళు కనపడాలి" అనేవారు. ఏ జోకునైనా ముందు ఆంటీ మీద ప్రయోగించేవారు. ఆవిడ చివరి ముక్కదాకా విని, మొహంలో ఏమీ కదలకుండా లేచి, వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పేవారు. కింద కుళాయి తిప్పితే నా గది గోడలోని పైపు మూలుగుతుంది. ఒక్కో మూలుగూ ఒక్కో జోకు చావుకబురన్నమాట.

ఒక ఆదివారం సౌండ్ తగ్గించమని చెప్పడానికి ఆయన పైకొచ్చారు. నేను లాప్‌టాప్‌లో ఏదో జపాన్ బొమ్మల సీరియల్ చూస్తున్నాను. అందులో ఓ బక్కపలచని కమెడియన్ ఖాళీ కుర్చీల ముందు జోకు చెప్పి, నడుము విరిగేలా వంగి, మూడు లెక్కపెట్టి లేస్తాడు. ఎవరూ నవ్వరు. అంకుల్ నిలబడే పది నిమిషాలు చూసి, "ఎవడ్రా వీడు, మా ఇంటికెప్పుడొచ్చాడు?" అన్నారు.

ఆ తర్వాత ఏ ఆదివారమూ మానలేదు. ఇంగ్లీషు సబ్‌టైటిల్ ఆయన చదివేలోపు మారిపోతుంది గనుక ప్రతి వాక్యం దగ్గరా ఆపాలి. ఇరవై నిమిషాల ఎపిసోడ్ గంటన్నర పట్టేది. నా డిసర్టేషన్ ఆలస్యానికి అసలు కారణం ఇదని యూనివర్సిటీకి చెప్పలేకపోయాను. ఆయన మాత్రం తన పరిశోధన తేల్చేశారు: "కిటుకంతా వంగడంలో ఉందిరా. నవ్వుకి జాగా ఇస్తున్నాడు."

ఆ ఉగాదికి కమ్యూనిటీ హాల్లో ఆయనకి అయిదు నిమిషాలిచ్చారు. జీపీ మీద, అంటే ఇక్కడి పేట డాక్టరు మీద, జోకు ఎత్తుకున్నారు. అపాయింట్‌మెంట్ దొరికేలోపు జబ్బు తగ్గిపోయిందట. తగ్గిందని చెబుదామంటే ఇంకో మూడు వారాలు ఆగమన్నారట. ఆగలేక మళ్ళీ జబ్బు పడ్డారట. చెప్పి, జపాన్ పద్ధతిలో వంగారు. మూడు లెక్కపెట్టారు. నిశ్శబ్దం. ఇంకో మూడు. ముందు వరసలోని డాక్టరుగారు గబగబా స్టేజీ ఎక్కి, "నడుం పట్టేసిందాండీ?" అంటూ పట్టుకున్నారు.

"అపాయింట్‌మెంట్ లేకుండానే చూసేశారండోయ్" అన్నాడు వెనకనుంచి ఎవరో. హాలు దద్దరిల్లిపోయింది.

తిరిగొస్తూ బస్సులో నేను అభినందించాను. "ఆ నవ్వు డాక్టరుగారిది, ఆ వెనకాయనదీనూ. నాది నడుం ఒక్కటేరా" అన్నారాయన.

దినాలు అయ్యాక ఆంటీని చూడ్డానికి కిందికి వెళ్ళాను. ఏం మాట్లాడాలో తెలీక, జీపీ జోకునే ఆయన చెప్పినట్టే చెప్పి, వంగాను. తలెత్తేసరికి ఆంటీ కుర్చీలో లేరు. వంటింట్లో కుళాయి చప్పుడు. బాధపెట్టానేమోనని గుమ్మందాకా వెళ్ళాను. ఆవిడ సింకు అంచు పట్టుకుని నిలబడ్డారు, భుజాలు అదురుతున్నాయి. ఇటు తిరిగితే, పళ్ళన్నీ కనపడ్డాయి.

"పెళ్ళైన కొత్తలో ఒక్కసారి ఎదురుగా నవ్వాను బాబూ. ఏడాదంతా ఆ జోకే చెప్పారు. మళ్ళీ నవ్వితే ఇంక కొత్తది పుట్టదని ఇలా అలవాటు చేసుకున్నా" అన్నారు. కుళాయి కట్టేసి, "ఆయనకి ఒక్కసారైనా చెప్పేయాల్సిందేమో" అన్నారు.

నిన్న సాయంత్రం కింద అంకుల్ గొంతు వినపడింది. ఫోన్లో రికార్డు చేసుకున్న రిహార్సల్. జోకు అయింది. మూడు లెక్కపెట్టేలోపే నా గోడలో పైపు మూలిగింది. నవ్వు ఇంక ఎవరికి కనపడకూడదనో, ఆవిడ కుళాయి తిప్పేశారు.

నేను లేచి, పైపు వైపు తిరిగి, నడుము విరిగేలా వంగాను.