వడ్ల చప్పుడు

నిన్న మధ్యాహ్నం నాకొక పార్సిల్ వచ్చింది. నా కోసం నేనే తెప్పించుకున్న పింగాణీ కప్పు, నీలి పువ్వులది, పొద్దున్నే పుస్తకం పట్టుకుని గుమ్మంలో కూర్చున్నప్పుడు చాయ్ తాగడానికని. కప్పు ఇంత, దాన్ని పెట్టిన అట్టపెట్టె దానికి నాలుగింతలు. తెచ్చినతను పెట్టెను చెవి దగ్గర పెట్టుకుని ఊపి, "ఏం సప్పుడు లేదక్కా, మంచిగనే ఉంది" అని నా చేతిలో పెట్టి బండి తిప్పుకుని పోయాడు. నిజమే, చప్పుడు లేదు. గాలి నింపిన ప్లాస్టిక్ సంచులు లోపల అంత బిగుతుగా కూరారు. వాటిని ఒక్కొక్కటే లాగి చూస్తే కప్పు ముక్కలై ఉంది. కదలడానికి చోటు లేక ముక్కలు ఒకదానికొకటి ఆనుకుని నోరు మూసుకుని ఉన్నాయి.

కప్పు పోతే పోయింది, ఇంకొకటి దొరుకుతుంది. కానీ అట్ల చెవి దగ్గర పెట్టి ఊపడం చూశాక నాకు పుట్టిన కోపం రాత్రి అన్నం తిన్నా తగ్గలేదు. చదువు అయిపోయి, ఉద్యోగం దొరికేలోపు ఇంట్లో కూర్చోలేక ఊళ్లోనే దొరికిన పనిలో చేరిన నా వయసు అమ్మాయిలకు ఈ కోపం చెబితే తెలుస్తుందనుకుంటాను.

మరాఠీ రాజ్యపు అంచున తెలుగు మాట్లాడే మా సిరొంచలో, మా ఇంటికి కాస్త దూరంలో, పాత ధాన్యపు గోదాములో నా చదువు అయిపోయిన ఏడు ఒక ప్యాకింగ్ షెడ్డు పెట్టారు. రేగుంట వైపు కుమ్మరి ఇళ్లలో చేసిన పెరుగు ముంతలు, దీపాలు, నీళ్ల కూజాలు అక్కడికి వచ్చేవి. మేం వాటిని పెట్టెల్లో సర్ది పంపితే పట్నాలలో ఫోన్లమీద అమ్ముకునేవారు. మరాఠీ, హిందీ రాయడం వచ్చు కాబట్టి పెట్టెలమీద చిరునామాలు అంటించడం నా పని. నాతో పాటు మా పెద్దమ్మ, అంటే మా అమ్మకు అక్క, ముంతలు సర్దే పనిలో చేరింది. పెదనాన్న పోయాక ఆమె రేగుంట నుంచి మా ఇంటికి వచ్చేసింది. చెల్లెలి ఇంట్లో తింటున్నానన్న సిగ్గుతో రెండోసారి అన్నం వడ్డించుకునేది కాదు, ఎవరైనా చుట్టాలొస్తే వెనక వాకిట్లోకి పోయి ఊరికే అంట్లు తోమేది. అట్లాంటి మనిషి షెడ్డులో చేరిన వారానికే, వీధిలో ఎవరు పలకరించినా నిలబడకుండా, "జర ఆగున్రి, నాకు పనికి ఆల్షమైతంది" అని గొంతెత్తి చెప్పడం మొదలుపెట్టింది. ఆ మాట కోసమే ఆమె బతుకుతున్నట్టు ఉండేది నాకు.

మొదట్లో మేమందరమూ పగలగొట్టినవాళ్లమే. తర్వాత తర్వాత చేతులకు పని తెలిసింది. పెట్టె అడుగున ఊక మెత్తగా పరిచి, ముంతను పాత మరాఠీ పేపర్లో చుట్టి, దాని కడుపులో కూడా పేపరు ఉండలు చేసి కూరి, ముంతకూ ముంతకూ మధ్య అట్టముక్క నిలబెట్టి, సందుల్లో వరిగడ్డి దోపి, పైన మళ్లీ ఊక పోసి మూసేవాళ్లం. మూశాక పెట్టెను ఊపి చూడాలి. చప్పుడు రాకూడదు, అదే మా షెడ్డు నియమం. పెద్దమ్మ పెట్టెను చంటిపిల్లలా ఎత్తుకుని ఊపి, తృప్తిగా నా వైపు చూసి, "పండుకుంది, ఇగ చీటీ అంటియ్యి" అనేది. ఆమె పక్కన కూర్చునే వదిన, అంటే మా పెదనాన్న కోడలు కాదు, వీధి వరసకు వదిన, "అత్తా, లాలిపాట గూడ పాడరాదూ" అని ఉడికించేది.

ఒకసారి నాగ్‌పూర్‌లో ఒక పెళ్లింటికి ముంతలు కావాలని పెద్ద ఆర్డరు వచ్చింది, వచ్చిన చుట్టాలకు తలా ఒకటి పంచడానికట. పెళ్లి అన్న మాట నేనే చదివి చెప్పాను. పెద్దమ్మ చెయ్యి ఆగిపోయింది. మా వైపు ఇరుగింటి గిన్నె తిరిగి ఇచ్చేటప్పుడు కూడా ఉత్తగా ఇవ్వరు, చిటికెడు చక్కెరో గుప్పెడు బియ్యమో వేసి ఇస్తారు. అట్లాంటిది పెళ్లింటికి ఉత్త ముంతలా? "వాళ్ల ఇల్లు సల్లగుండాలెనా వద్దా?" అని మరునాడు ఇంటి నుంచి కొంగులో కొత్త వడ్లు కట్టుకొచ్చింది. ప్రతి ముంతలో గుప్పెడు వడ్లు పోసి, పైన పేపరు బిగించి కూరి, ఊపి చూసింది. చప్పుడు లేదు. ఎవరికీ అందులో తప్పు కనిపించలేదు, నాకు కూడా.

తప్పు చేసింది నాగ్‌పూర్ పోయే ఆలపల్లి రోడ్డు. ఆ గుంతల్లో వ్యాను ఎగిరెగిరి పడేసరికి పేపరు అణిగిపోయి వడ్లకు చోటు దొరికింది. మా షెడ్డువాళ్ల నాగ్‌పూర్ గోదాములో ఎవరో ఒక పెట్టె ఎత్తి ఊపారు. గలగలమంది. ఇంకొకటి ఊపారు, అదీ గలగలమంది. ముంతలన్నీ పలిగి పెంకులయ్యాయని రాసేసి, ఒక్క పెట్టె కూడా తెరవకుండా మొత్తం చెత్తలో పోయించారు.

మా షెడ్డు చూసుకునే సారు చంద్రపూర్ నుంచి వచ్చినవాడు, తెలుగు రాదు. పెట్టెలు ఊపుతూ అక్కడివాళ్లు తీసి పంపిన వీడియో ఫోనులో పెట్టి అందరి ముందూ పెద్దమ్మకు వినిపించాడు. ఆమె విని పకపకా నవ్వింది. "అవి వడ్లు సారూ! పెంకుల సప్పుడు గిట్లుంటదా?" అంది. అప్పటిదాకా ఆ షెడ్డులో అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడని నేను లేచి నిలబడి, అవి వడ్లేననీ, పారేసే ముందు తెరిచి చూడాల్సిందనీ హిందీలో అన్నాను. అతను నావైపు చూసి, "అరె, యే భీ బోల్తీ హై క్యా?" అని, ఇదీ మాట్లాడుతుందా అన్నట్టు నవ్వాడు. అతనితో పాటు మరో ఇద్దరు నవ్వారు. ఆ నవ్వు ఇప్పటికీ నా చెవిలో ఉంది.

వ్యానులో చోటు చాలక దారిలో అహేరి దగ్గర దింపేసిన పెళ్లి ముంతల పెట్టె ఒకటి ఆ వారంలోనే వెనక్కి వచ్చింది. దాన్ని అతని బల్లమీద పెట్టి ఊపాను. గలగలమంది. టేపు కోసి, ఊక తీసి, ముంతల్ని వరసగా నిలబెట్టాను. ఒక్కదానికీ గీత పడలేదు. వాటి అడుగున బంగారంలా కొత్త వడ్లు. అతను ముంతల్ని చూశాడు, వడ్లను చూశాడు, ఆ తర్వాత అడిగింది ఒక్కటే, ముంతల్లో వడ్లు పోయమని ఈమెకు ఎవరు చెప్పారని. తెరవకుండా పారేయమని వాళ్లకు ఎవరు చెప్పారని నేను అడిగాను. అతను పెద్దమ్మను ఇక రావద్దన్నాడు. మర్నాటి నుంచి నేనూ పోలేదు. మాన్పించారని ఆమె వీధిలో ఎవరికీ చెప్పలేదు. పనికి పోయే వేళకు తల దువ్వుకుని, మళ్లీ వెనక వాకిట్లోకి వెళ్లి కూర్చునేది.

ఆ షెడ్డు ఇప్పుడు లేదు, తాళం తుప్పు పట్టింది. మా ఇంట్లో మారింది వేరే. ఇరుగింటివాళ్ల గిన్నె తిరిగి ఇవ్వాల్సి వస్తే పెద్దమ్మ కడిగి, తుడిచి, ఉత్తగానే ఇచ్చేస్తుంది.

ఈ రోజు ఆ పలిగిన కప్పును వాపసు పంపడానికి మళ్లీ అదే పెట్టెలో సర్దుతున్నాను. ముక్కలు చూసి, "ఏందే, పలిగిందే వచ్చిందా?" అంది పెద్దమ్మ. సప్పుడు కాలేదు కదా, మంచిగుందన్నారు, అన్నాను. నాకు ఉక్రోషం ఆగలేదు. మూలనున్న బస్తాలోంచి గుప్పెడు వడ్లు తీశాను. పెట్టెలో పోద్దామని, ఊపిన ప్రతివాడి చెవిలో గలగలమనాలని.

పెద్దమ్మ నా మణికట్టు పట్టుకుంది.

"వద్దు బిడ్డా," అంది మెల్లగా, "సప్పుడైతది."