సిరి చెవిలో మా అమ్మ చెప్పిన మాట

దయ్యాలూ ఆత్మలూ అంటే నాకు నవ్వే తప్ప భయం ఎప్పుడూ లేదు. ఆఫీసులో నా పని సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టుకోవడం. ఎవరైనా వింత అనుభవం చెప్తే, అందులో పొరపాటెక్కడుందో వెతికి వాళ్ళ ఉత్సాహం మీద నీళ్ళు చల్లేవాణ్ణి. ఇప్పుడు నేనే ఒకటి చెప్పుకోవాల్సి వచ్చింది. నవ్వేవాళ్ళు నవ్వుకోండి.

మాది దొడ్డబళ్ళాపురం. ఇంట్లో మరమగ్గాలు ఆడేవి. ఆ చప్పుడులో ఎంత అరిచినా వినపడదు, అందుకని అమ్మ ఏ మాటైనా చెవి దగ్గరకు వచ్చి చెప్పేది. మగ్గాలు అమ్మేసి నా ఉద్యోగం కోసం నాతో సిటీలో కాడుగోడికి వచ్చాక కూడా ఆ అలవాటు పోలేదు.

మా అమ్మాయి సిరికి పుట్టుకతోనే వినపడదు. ఆ సంగతి మాకు ఏడాది నిండాక గానీ తెలియలేదు. తెలిశాక కూడా అమ్మ దాని చెవిలో కబుర్లు చెప్పడం మానలేదు. తర్వాత ఆపరేషన్ చేసి చెవి లోపల పరికరం అమర్చారు. ఇప్పుడు చక్కగా వింటుంది, నోరు మూస్తే ఒట్టు. కానీ ఆపరేషన్‌కు ముందే అమ్మ పోయింది.

మా వైపు నానమ్మను అవ్వ అంటాం. ఈమధ్య సిరి బడి నుంచి వచ్చి, "నాన్నా, మన అవ్వ గొంతు ఎలా ఉండేది?" అని అడిగింది. వినిపిద్దామని పాత వీడియోలన్నీ వెతికాను. వీడియో తీద్దామని ఫోన్ ఎత్తితే చాలు, అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకునేది. ఆమె మాట్లాడుతున్న వీడియో ఒక్కటే ఉంది. సిరి నామకరణం నాడు నా బావమరిది మంజు తన పాత క్యామ్‌కార్డర్‌తో తీసింది. పిల్ల చెవిలో పేరు చెప్పమంటే అమ్మ అంతటితో ఊరుకోలేదు, ఏదో చాలాసేపు చెప్పింది. మేళం మోతలో మాకెవరికీ వినపడలేదు.

మంజు దగ్గర మెమరీ కార్డు తీసుకుని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో వేశాను. బొమ్మ వచ్చింది, శబ్దం రాలేదు. ఇలాంటివి నాకు కొత్త కాదు. క్యామ్‌కార్డర్ ఆడియో ఈ సాఫ్ట్‌వేర్‌కు అర్థం కావడం లేదనుకుని, దాన్ని చదివించే కోడెక్ వేశాను. ఫైలు ఒక్కటే కాకుండా కార్డులోని ఫోల్డరంతా కాపీ చేసి మళ్ళీ ఇంపోర్ట్ చేశాను. చివరికి ఆడియో ట్రాక్ కనపడింది. కానీ అందులో ఎక్కడా ఎత్తుపల్లాలు లేవు, స్కేలు పెట్టి గీసిన గీతలా ఉంది.

కారణం బొమ్మలోనే దొరికింది. మంత్రాలు స్పష్టంగా రావాలని మంజు అయ్యవారి ఉత్తరీయానికి కాలర్ మైకు తగిలించాడు. బ్యాటరీ అయిపోతుందేమోనని ముహూర్తం వేళకు ఆన్ చేద్దామనుకున్నాడు. తీరా ముహూర్తం వచ్చేసరికి హడావిడిలో మరిచిపోయాడు. పెద్దది చేసి చూస్తే మైకు మీద లైటు వెలగడం లేదు. దాని రిసీవర్ కెమెరాకు పెట్టి ఉంటే కెమెరా సొంత మైకు పనిచెయ్యదు. అంటే ఆ రోజు శబ్దం రికార్డే కాలేదు. ఫోన్ చేస్తే మంజు, "తప్పయిపోయె బావా" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది.

ఆదివారం మధ్యాహ్నం సిరికి ఉన్న సంగతి చెప్పాను. అవ్వను చూడు చాలు, మాట రాదు అన్నాను. నా భార్య రాధిక కూడా పక్కనే ఉంది. లాప్‌టాప్ సౌండు పూర్తిగా పెట్టినా మా ఇద్దరికీ ఏమీ వినపడలేదు. వీడియోలో అమ్మ ఉయ్యాల మీదికి వంగింది. సిరి కదలకుండా చూసింది. కాసేపటికి నవ్వి, "ఆఁ అవ్వా, వినపడుతోంది" అంది.

ఏం వినపడిందే అన్నాను.

"'ఇనపడతా ఉండాదా తల్లీ' అని అవ్వ అడుగుతోంది కదా. తను గువ్వప్ప వాళ్ళమ్మంట. గువ్వప్ప ఎవరు నాన్నా?"

గువ్వప్పను నేనే. చిన్నప్పుడు మగ్గాల మధ్య అమ్మ నా చెవిలో అలా పిలిచేది. బళ్ళో తెలిస్తే ఎగతాళి చేస్తారని ఏడ్చి మాన్పించాను. నాన్న ఎప్పుడో పోయాడు. సిగ్గేసి రాధికకు కూడా ఆ పేరు చెప్పలేదు.

సిరి పెదవుల కదలిక చూసి చెప్పిందేమో అనుకున్నాను. అక్కడ అమ్మ వీపూ కొప్పూ తప్ప మొహం కనపడదు. మళ్ళీ వేస్తే సిరికి కూడా ఏమీ వినపడలేదు. పరికరం చూసే డాక్టరమ్మను అడిగితే, శబ్దం ఉంటేనే అది అందుకుంటుందంది.

ఆ ట్రాక్ ఇప్పటికీ గీతలాగే ఉంది. పొరపాటు ఎక్కడో నాకు దొరకలేదు. ఈసారి దొరక్కపోయినా బాధ లేదు. వినపడని బిడ్డను అమ్మ అన్నాళ్ళు అడిగింది, బిడ్డ జవాబు చెప్పింది. ఎవరికి దణ్ణం పెట్టాలో తెలియక రోజూ అమ్మ ఫోటోకే పెడుతున్నాను.

నిన్న ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విప్పుతుంటే సిరి నా చెవి దగ్గరకు వచ్చి, "గువ్వప్పా, ఆకలేస్తోంది" అంది.

ఈసారి వద్దనలేదు. పలికాను.