పెద్దమ్మ మొండికేసిన వారం

మా తాతయ్య టాక్సీ మా అమ్మ కన్నా రెండేళ్లు ముందు ఇంటికొచ్చింది. అందుకే తాతయ్య దాన్ని పెద్దమ్మాయి అంటాడు. ఆ లెక్కన నాకు పెద్దమ్మ. అమ్మకి జ్వరం వస్తే మందుల షాపుకి వెళ్లమంటాడు గానీ, పెద్దమ్మాయి ఒక్కసారి దగ్గితే అన్నం ముందు నుంచి లేచిపోయి బానెట్ ఎత్తుతాడు. ఈ మాట అమ్మ ఏడాదికి రెండుసార్లయినా ఎత్తిపొడుస్తుంది. తాతయ్య వినపడనట్టు స్పానర్ తుడుచుకుంటాడు.

మనిషి పొట్టి. సీటు మీద దిండు వేసుకుంటే తప్ప ఆయనకి రోడ్డు కనపడదు. అడిగితే నడుం నొప్పి అంటాడు. స్టాండులో అందరూ కొత్త బళ్లు కొన్నా ఆయన కొనలేదు. తను విప్పి బిగించలేని దాన్ని తను నడపడట.

ఆ గురువారం పెద్దమ్మకి పరీక్ష. పర్మిట్ ఇంకో ఏడాది పొడిగించాలంటే ఇన్‌స్పెక్టర్ పక్కన కూర్చుని అరగంట తిప్పిస్తాడు. మధ్యలో ఇంజన్ ఆగితే ఇక అది టాక్సీ కాదు. తాతయ్య వయసులో ఇంకో బండికి పర్మిట్ ఇవ్వరు. అంటే కారుతో పాటు ఆయనా ఇంట్లో కూర్చోవాల్సిందే.

సరిగ్గా సోమవారం నుంచి పెద్దమ్మ మొండికేసింది. బుద్ధిగా స్టార్ట్ అవుతుంది, పది నిమిషాలు పరుగెత్తుతుంది, ఆ తర్వాత మూలిగి నడిరోడ్డు మీద ఆగిపోతుంది.

ఇలాంటప్పుడు తాతయ్యకి ఒక పద్ధతి ఉంది. పెట్రోల్ చూపించే ముల్లు పాడై చాలా ఏళ్లయింది కాబట్టి ముందు ట్యాంకు మూత తీసి, చెక్క స్కేలు లోపల ముంచి చూస్తాడు. అది నా స్కూలు స్కేలు. నేను చదువు మానేశాక నా సామాన్లలో పనికొచ్చింది అదొక్కటేనంటాడు. పెట్రోల్ ఉందని తేలాకే బానెట్ ఎత్తుతాడు.

సోమవారం స్కేలు ముంచాడు, ప్లగ్గులు గీకాడు, స్టార్ట్ అయింది. ప్లగ్గులే కారణమన్నాడు. పది నిమిషాలకి ఆగింది. మంగళవారం స్కేలు ముంచాడు, అమ్మమ్మ మంచి పళ్లెంలో కార్బురేటర్ విప్పి కడిగి బిగించాడు. స్టార్ట్ అయింది, మళ్లీ ఆగింది. పెట్రోల్ పైపు నోట్లో పెట్టుకుని ఊదాడు. రోజంతా ఆయన తేన్పులకి మేం దూరంగా జరిగాం. కాయిల్ మార్చాడు. చివరికి ఏమీ తోచక బండిని బండబూతులు తిట్టాడు. తిట్టినా స్టార్ట్ అయింది. అప్పుడు ఆయనకి నిజంగా భయం వేసింది. తిడితే బాగుపడే ఇంజన్ ఉండదని ఆయనకి తెలుసు.

బుధవారం మధ్యాహ్నం అమ్మమ్మనీ నన్నూ వెనక సీట్లో కూర్చోబెట్టి బయల్దేరాడు. అమ్మమ్మ ఎక్కితే ఇన్‌స్పెక్టర్ ఎక్కినంత బరువుంటుందట. అమ్మమ్మ దారంతా మొహం కిటికీ వైపు తిప్పుకుని కూర్చుంది.

లాండ్రీ షాపు దగ్గర బండి ఆగింది. తాతయ్య స్కేలు కోసం వెనక్కి చెయ్యి చాపాడు. దాని మీద నేను కూర్చుని ఉన్నాను. పొద్దున్నే ట్యాంకు నిండా పోయించాడు, మళ్లీ కొలిచి ఎండలో మమ్మల్ని మాడ్చడం దేనికని నేను లేవలేదు. ఆయన విసుక్కుని నేరుగా బానెట్ ఎత్తాడు. ప్లగ్గులు గీకాడు. స్టార్ట్ కాలేదు. పైపు ఊదాడు. కాలేదు. తిట్టాడు. అయినా కాలేదు. చివరికి ఫుట్‌పాత్ మీద కూర్చుండిపోయాడు.

"రేపు వెళ్లనే," అన్నాడు అమ్మమ్మతో మెల్లగా. "వాళ్ల ముందు ఆగిపోతే నేను చూడలేను. నేనే మానేశానని చెప్పేస్తా."

నేను లేచి స్కేలు తెచ్చి ఇచ్చాను. ఆయన నన్ను ఒక చూపు చూసి, అలవాటు కొద్దీ ట్యాంకు మూత తిప్పాడు. ఉస్సుమని ట్యాంకు గాలి పీల్చుకుంది. స్కేలు ముంచి, మూత చేతిలోనే పట్టుకుని తాళం తిప్పాడు. స్టార్ట్ అయింది.

"తాతయ్యా, నువ్వు ఇప్పుడు మూత తీయడం తప్ప ఏం చేశావు?" అన్నాను.

ఆయన మూత తిరగేసి చూశాడు. లోపల గుండ్రంగా, ముచ్చటగా కత్తిరించిన ఎర్ర రబ్బరు ముక్క.

"నేనే వేశా ఆదివారం," అంది అమ్మమ్మ. "వేడినీళ్ల సంచి రబ్బరది. పెట్రోల్ వాసనకి తల తిరుగుతోందని ఆరు నెలలుగా మొత్తుకుంటున్నానా? మూతకి చిన్న బొక్క కూడా ఉంటే దాంతోనే కప్పేశా."

"ఆ బొక్క గాలి కోసమే తల్లీ. పెట్రోల్ తగ్గేకొద్దీ లోపలికి గాలి పోవాలి. గాలి పోకపోతే పెట్రోల్ ఇంజన్‌కి రాదు."

"మరి నాకు చెప్పొద్దూ?"

ఆరు నెలలు వినిపించుకోని మనిషి కాబట్టి తాతయ్య మూత తుడవడంలో పడ్డాడు. రబ్బరు తీసేస్తానంటే అమ్మమ్మ ఒప్పుకోలేదు. దబ్బనం వేడి చేసి, మూతలో బొక్కకి సరిగ్గా ఎదురుగా తనే రంధ్రం పొడిచింది.

గురువారం అమ్మమ్మా నేనూ రవాణా ఆఫీసు గేటు దగ్గర నిలబడ్డాం. పదో నిమిషంలో బండి మా ముందు నుంచి వెళ్లింది. తాతయ్య దిండు మీద నిటారుగా, ఊపిరి బిగబట్టి ఉన్నాడు. ఇరవయ్యో నిమిషంలో ఇన్‌స్పెక్టర్‌తో ఏదో మాట్లాడుతున్నాడు. ముప్పయ్యో నిమిషంలో పెద్దమ్మాయి పుట్టుపూర్వోత్తరాలు చెబుతున్నట్టున్నాడు, పాపం ఆ ఇన్‌స్పెక్టర్ దిగుదామని తలుపు వెతుక్కుంటున్నాడు.

పర్మిట్ కాగితం అద్దానికి అంటించి మమ్మల్ని ఎక్కించుకున్నాడు. గేటు దాటామో లేదో, రెండు పెట్టెలతో ఒకావిడ చెయ్యెత్తింది. తాతయ్య బండి ఆపి వెనక్కి తిరిగి మమ్మల్ని చూశాడు.

"ఏమే, బస్సు ఉందిగా," అన్నాడు.

ఇద్దరం దిగాం. ఆవిడ పెట్టెలు ఎక్కించింది నేనే.