రైలెక్కిన పిల్ల

మొన్న శనివారం ఇక్కడ అమెరికాలో మా మోరిస్‌విల్ దగ్గర లైబ్రరీలో పాత పుస్తకాలు అమ్ముతున్నారంటే, మా ఇంట్లో పై గది అద్దెకు తీసుకుని మాస్టర్స్ చదువుకుంటున్న కరీంనగర్ అమ్మాయిని తోడు తీసుకుని వెళ్లాను. అట్టపెట్టెల్లో వెతుకుతుంటే, ఒకప్పటి సోషలిస్టు దేశంలో ఒకావిడ రాసిన నవల, ఇంగ్లీషులోది, చేతికి తగిలింది. బట్టల మిల్లులో పనిచేసే ఒక పల్లెటూరి పిల్ల పెరిగి పెద్దదయ్యే కథ. అందులో పేర్లు చూడగానే గుర్తుపట్టాను. చిన్నప్పుడు మా పిన్ని చదివి వినిపించిన కథే అది.

మన ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆ దేశాల నుంచి తెలుగులో అచ్చయి వచ్చే పుస్తకాలు, గట్టి అట్ట, నున్నటి కాగితం, ముక్కు దగ్గర పెట్టుకుంటే అదో వింత వాసన. తెనాలిలో మా బాబాయి పార్టీ మనిషి కాబట్టి అవి మా ఇంటికి వచ్చిపడేవి. మీటింగుల్లో స్త్రీ సమానత్వం గురించి గొంతు చించుకుని ఇంటికొచ్చిన బాబాయి, కాళ్లు చాపుకుని కూర్చుని, మంచినీళ్లేవీ అని కేకేసేవాడు. పిన్ని గ్లాసు అందించి, నా వంక చూసి కన్నుగీటేది. పెళ్లికి ముందు ఆవిడకి టీచరు ట్రైనింగులో సీటు వస్తే, సంబంధం కుదిరిందని పంపలేదట. ఆ సంగతి అమ్మ చెప్పిందే గానీ పిన్ని నోట నేనెన్నడూ వినలేదు.

మధ్యాహ్నం మగవాళ్లు బయటికి వెళ్లాక, అమ్మా, పక్కింటి అత్తయ్యా, నేనూ వరండాలో చింతపండు గింజలు తీస్తూ కూర్చుంటే పిన్ని పైకి చదివేది. వీళ్లు ఊరికే వింటారా! అమ్మ ఏకంగా ఆ పిల్లతోనే పోట్లాటకి దిగేది, "అంత దూరం ఒక్కతే పోతే దానికి అన్నం ఎవరు వండిపెడతారే?" అని. "వండుకోదా ఏం, చేతుల్లేవా?" అని పిన్ని విసురుగా అనేసి మళ్లీ చదువులో పడేది. చివరి రోజున, దూరపు నగరంలో ఇంజనీరింగు సీటు వచ్చిన ఆ పిల్ల పెట్టె పట్టుకుని స్టేషన్లో నిలబడిన చోట, పిన్ని పుస్తకం మూసి, వేలు మాత్రం లోపలే ఉంచి, మిగతాదంతా మా మొహాల్లోకి చూస్తూ చెప్పింది. రైలెక్కడం, కిటికీ పక్కన కూర్చోవడం, వెనక్కి తిరిగి చూడకపోవడం, అన్నీ. పిన్నికి కథంతా కంఠతా వచ్చేసిందనుకుని నేను మురిసిపోయాను. మర్నాడే ఆ పుస్తకాన్ని ఎవరో అడిగితే ఇచ్చేసింది.

పెళ్లిచూపులకు నేను మొండికేసినప్పుడూ, హైదరాబాదులో ఉద్యోగంలో చేరినప్పుడూ, కంపెనీ అమెరికా పంపిస్తానంటే ఇంటిల్లిపాదీ వద్దంటున్నా ఒక్కదాన్నే విమానమెక్కినప్పుడూ, ఇక్కడి చలికాలాల్లో ఆఫీసు నుంచి వచ్చి ఖాళీ ఇంటి తాళం తీసుకుంటున్నప్పుడూ, ఆ పిల్ల ఇవన్నీ దాటిందిగా, నేను దాటలేనా అనుకునేదాన్ని. పెళ్లి ఊసు లేకుండానే ఏళ్లు గడిచిపోయాయి. పిన్ని పోయిన కబురు కూడా ఇక్కడే, ఫోన్లో విన్నాను.

లైబ్రరీలో ఓ కుర్చీ చూసుకుని చివరి పేజీలు తిప్పాను. ఆ పిల్ల రైలెక్కలేదు. రైలు కూత వేశాక, ఇంట్లో తానే వండిపెట్టే అన్నగారి పిల్లలు గుర్తొచ్చి, పెట్టె పట్టుకుని వెనక్కి తిరిగింది. మిల్లు గోడ మీద సమానత్వం అని రాసిన పెద్దక్షరాల కింద నుంచే నడిచి ఇంటికెళ్లి పొయ్యి వెలిగించింది. ఆ రచయిత్రి తన దేశంలో చూసినది దాచకుండా రాసింది. దాచింది మా పిన్నే. ముందు కోపం వచ్చింది, ఓసి పిన్నీ, ఎంత పని చేశావే అని. ఆ తర్వాత కళ్లనీళ్లు ఆగలేదు. తాను ఎక్కలేకపోయిన రైలు నా మొహం చూసి ఎక్కించింది మహాతల్లి.

ఆ పుస్తకం కొనుక్కుని తిరిగి వస్తుంటే కారు ఆ అమ్మాయే నడిపింది. దానికి టెక్సస్‌లో జాబ్ ఆఫర్ వచ్చింది, ఇంట్లోవాళ్లేమో ఇక చాలు, వచ్చి పెళ్లి చేసుకోమంటున్నారు, ఎటూ తేల్చుకోలేక వారం నుంచి సరిగ్గా తిండి కూడా తినడం లేదు. నేను కథ స్టేషన్ దాకా చెప్పి ఆగితే, "ఆంటీ, లాస్ట్‌కి ఏమైతది? ట్రైన్ ఎక్కుతదా, లేదా?" అని అడిగింది. చూసుకుంటే ఒళ్లో పుస్తకం మూసి ఉంది, నా వేలు లోపల ఉంది.

"ఎక్కుతుందమ్మా," అన్నాను.

"మంచిగుంది ఆంటీ," అంది ఆ అమ్మాయి.

ఆ రోజుల్లో ఒక్క పుస్తకానికి నలుగురం ఉండేవాళ్లం. ఇప్పుడు ఇంటినిండా పుస్తకాలే, పక్కన కూర్చుని, దానికి అన్నం ఎవరు పెడతారే అని కథలో పిల్లతో పోట్లాడే మనిషి లేదు. రైలెక్కినందుకు నాకు విచారమేమీ లేదు. కానీ ఇన్నేళ్లూ ఎదురు సీట్లో ఆ పిల్ల కూర్చుని ఉందనుకునే ప్రయాణం చేశాను. ఆ సీటు మొదటి నుంచీ ఖాళీయేనట.