హార్డ్ డిస్కుకు పెళ్లిచూపులు

మా వెంకటనర్సయ్య కాక గుండుసూది కొనాలన్నా పెళ్లి సంబంధం చూసినట్టే చూస్తాడు. వస్తువు పుట్టిల్లు అడుగుతాడు, గుణం అడుగుతాడు, దాని తోడబుట్టినవి ఎవరెవరి ఇళ్లలో కాపురం చేస్తున్నాయో ఆరా తీస్తాడు. సిద్దిపేట పాత బస్టాండు నుంచి మా గల్లీ దాకా ఏ దుకాణదారైనా కాక వస్తున్నాడంటే ముందు ఆయనకు కుర్చీ వేసి, ఆ వెంటనే తానూ ఒకటి లాక్కుని కూర్చుంటాడు. నిలబడి తట్టుకునే వ్యవహారం కాదని అందరికీ తెలుసు.

కాక బొంబాయి దగ్గరి భీవండిలో ఏళ్లతరబడి పవర్‌లూమ్ నడిపి వచ్చిన మనిషి. ఆ మగ్గాల రొదలో అరిచి అరిచి గొంతు అలాగే ఉండిపోయింది. దుకాణంలో ఆయన గుసగుసగా అడిగిన మాట కూడా ఎదురుగా ఉన్న మెడికల్ షాపులో వినిపిస్తుంది.

నేను బడిలో లెక్కలు చెప్పే పంతుల్ని. ఒక ఎండాకాలం ఫ్యాను కొనబోతే కాక తోడొచ్చాడు.

"దీని అక్కచెల్లెండ్లు ఎవరింట్ల ఉన్నరు?" అని దుకాణదారుణ్ని అడిగాడు. ఆయన సరదాకి ఎవరి పేరో చెప్పాడు. అంతే, ముక్కూ మొహం తెలియనివాళ్ల ఇంటికి నన్ను తీసుకెళ్లి, వాళ్లింట్లో ఉన్న అలాంటి ఫ్యాను కింద కూర్చోబెట్టి, వాళ్ల చాయ్ తాగుతూ ఆ ఇల్లాలిని విచారించాడు.

"రాత్రిపూట గొణుగుతదా అమ్మా?"

"గొణుగుడు లేదు గని, కరెంటు తక్కువున్ననాడు జర బద్ధకం చేస్తది."

కాక నావైపు తిరిగి, "గాపాటి అందరికుంటది బాలరాజూ, ఒప్పుకో" అన్నాడు. ఒప్పుకున్నాను. ఆ ఫ్యాను ఇవాళ్టిదాకా నన్ను పల్లెత్తు మాట అనలేదు.

మా పక్కింటి రోజారాణి కొత్తగా వేరు కాపురం పెట్టినప్పుడు కుక్కర్ కొనడానికీ ఆయనే. "ఇది అలిగితే ఎట్ల ఎరుకైతది? చెప్పి పేలుతదా, చెప్పకుండ పేలుతదా?" అని అడిగేసరికి దుకాణంలో ఉన్నవాళ్లు నలుగురూ గుమ్మం వైపు జరిగారు. పాపం ఆ దుకాణదారు పేలదని నిరూపించడానికి అక్కడే స్టవ్ వెలిగించి అన్నం వండాడు. పక్కనున్న కర్రీ పాయింటు నుంచి పప్పు వచ్చింది. ఆ పూట బేరానికి వచ్చినవాళ్లంతా అక్కడే భోంచేశారు.

ఇంత హింస పెట్టే మనిషిని ఎవరు తోడు తీసుకెళ్తారని మీకు అనుమానం రావచ్చు. అందరూ తీసుకెళ్తారు. కాక చూసి ఖాయం చేసిన సంబంధం ఇంతవరకు చెడిపోలేదు మరి.

ఇక బాలలక్ష్మి వదిన సంగతికి వస్తాను. మా గల్లీలోనే ఉంటుంది. భర్త సిద్ధయ్య దుబాయిలో పని చేస్తాడు. ఆయన పంపించిన ఫోనుతో వదిన దుబ్బాక, మిరుదొడ్డి వైపు ఊళ్లు తిరిగి, బతుకమ్మ పాటలు వచ్చిన ముసలమ్మల్ని కూర్చోబెట్టి పాడించి రికార్డు చేస్తుంది. ఫోను నిండినప్పుడల్లా ఆ పాటల్ని ఇంట్లో ఉన్న పాత కంప్యూటర్లోకి ఎక్కిస్తుంది. ఆ పాడినవాళ్లలో కొందరు ఇప్పుడు లేరు. వాళ్ల పాటలు ఆ డబ్బాలో తప్ప ఇంకెక్కడా లేవు.

ఆ డబ్బా ఉన్నట్టుండి పళ్లు కొరకడం మొదలుపెట్టింది. ఆన్ చేస్తే కటకటమని చప్పుడు. తెర వెలగడానికి ఒక వంట అయ్యేంత సేపు. చూసినవాళ్లు హార్డ్ డిస్క్ పోయే కాలానికి వచ్చిందని, తొందరగా కొత్తది తెచ్చి పాటలన్నీ అందులోకి మార్చుకోకపోతే ఒక్కటీ దక్కదని చెప్పారు.

వదిన ఒక పెద్ద దుకాణానికి వెళ్లి వచ్చింది. ఉత్త చేతులతో వచ్చింది.

"ఏమన్నరు వదినా?" అని అడిగాను.

"స్టాకు లేదన్నరు" అంటూ కొంగుతో మొహం తుడుచుకుంది.

సిద్దిపేటలో హార్డ్ డిస్కులు లేవంటే ఎర్రటి ఎండలో ఉక్కపోత లేదన్నట్టే. మా అరుగు మీద కూర్చున్న కాక అది విని చెప్పుల్లో కాళ్లు పెట్టాడు. "నడువుండ్రి, దామోదర్ దుకాణంల మంచి సంబంధం ఉన్నదట. ముగ్గురం పోయి చూసొద్దాం."

వదిన ఆ పాత డబ్బాను పసిపిల్లను పట్టుకున్నట్టు ఒళ్లో పెట్టుకుని ఆటోలో కూర్చుంది. గతుకు వచ్చినప్పుడల్లా డబ్బా కన్నా ముందు తనే ఉలిక్కిపడింది.

దామోదర్ కాకను చూసి కుర్చీలు వేశాడు. మూడు రకాలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఒకటి ఇటుకలా బరువైనది. ఒకటి పేకముక్క కన్నా కొంచెం పెద్దదిగా, పలచగా ఉంది. మూడోది బబుల్ గమ్ పట్టీ అంతే ఉంది. వాటి పేర్లు గడగడా చదివాడు. అన్నీ ఇంగ్లీషు అక్షరాలే. నేను అన్నీ తెలిసినట్టు తలూపాను.

"పేర్లు తర్వాత" అన్నాడు కాక, రోడ్డు మీదివాళ్లు కూడా ఆగేలా. "ముందుగాల గుణం చెప్పు. ఇది ఏం పని చేస్తది?"

"దాచిపెడ్తది కాకా. మనం ఏదిస్తే గది దాస్తది."

"ఈ బరువుది కడుపుల ఏం పెట్టుకున్నది?"

"లోపల పళ్లెం తిరుగుతది. మీదికెళ్లి సూది లెక్క ఒకటి తిరుక్కుంట రాస్తది, చదువుతది."

"మరి ఈ పలచదాంట్ల?"

"ఏదీ తిరగది."

"తిరగకపోతే పనెట్ల చేస్తది? కూసున్నకాడనేనా?"

"బ్యాంకుల క్యాషియర్ కూసునే గద కాకా పని చేసేది!"

దుకాణంలో నవ్వులు. హెల్మెట్ తీయకుండానే నిలబడ్డ ఒకాయన మరీ పెద్దగా నవ్వాడు. వదిన నవ్వలేదు. కళ్లు బల్ల మీదే పెట్టి వింటోంది.

"కింద పడితే?"

"తిరిగేదైతే దెబ్బ తాకుతది. ఈ పలచది జర గట్టిది. పనిల గూడ చురుకు."

"ఈ బక్కది?"

"దీనికి వేరే జాగ కావాలె. పాత కంప్యూటర్ల ఇముడది. ఊకెనే పైసలు దండుగ."

హెల్మెట్ ఆయన నవ్వు ఆపి, తాను కొనబోతూ చేత్తో పట్టుకున్న అలాంటి బబుల్ గమ్ పట్టీని మెల్లగా యథాస్థానంలో పెట్టేశాడు.

"మా బాలలక్ష్మి పాటలు ఎన్ని పడ్తయి?"

"జిల్లాల ఉన్న పాటలన్నీ పట్టినా ఇంక జాగ ఉంటది కాకా."

ఇన్నాళ్లూ నేను స్టాఫ్ రూములో తలూపుతూ గడిపిన సంగతులన్నీ ఆ పూట ఒక్కొక్కటే అర్థమయ్యాయి. కంప్యూటర్ పాఠాన్ని పెళ్లి భాషలో చెప్పించిన ఆ మనిషిని నోరు తెరుచుకుని చూస్తూ కూర్చున్నాను. చివరికి వదిన వేలు పలచటి దాని మీద ఆనింది. "గిది మంచిగున్నది" అంది. సంబంధం ఖాయమైంది.

దామోదర్ పాత డిస్కును, కొత్తదాన్ని పక్కపక్కన తగిలించి పాటల్ని మార్చడం మొదలుపెట్టాడు. పాతది కటకటమంది. తెర మీద పచ్చటి గీత కొంచెం సాగింది, ఆగింది. వదిన చేతులు జోడించింది. మళ్లీ సాగింది. కాక చాయ్ చెప్పడానికి బయటికి వెళ్లాడు.

దామోదర్ నా దగ్గరికి వంగాడు. "సార్, ఒక ముచ్చట చెప్త. కాక పోయిన నెలల మనుమరాలి కంప్యూటర్‌కు గిసొంటి డిస్కే కొనుక్కపోయిండు."

"అయితే ఆరోజు దుకాణం బందు పెట్టినవా?"

"ఏడ సార్! వచ్చిండు, పేరు చెప్పిండు, తీస్కున్నడు, పోయిండు. నేను కుర్చీ వేసేలోపల్నే రోడ్డు మీదున్నడు. ఇప్పుడు అడిగినయన్నీ ఆయనకు ఎరికే. ఒక్కడే వస్తే కాక ఒక్క మాట గూడ అడగడు."

నాకు పాత బేరాలన్నీ గుర్తొచ్చాయి. రోజారాణికి కుక్కర్ అంటే వణుకు. ఆ సంగతి అత్తగారింట్లో చెప్పుకోలేకపోయింది. ఫ్యాన్లలో రకాలుంటాయని లెక్కల పంతులికి తెలియదు. పెద్ద దుకాణంలో లేనిది స్టాకు కాదు, ఏది కావాలో చెప్పమంటే వదినకు నోరు పెగల్లేదు. మేం అడగలేని ప్రశ్నలన్నీ ఆయన తన నెత్తిన వేసుకున్నాడు. మమ్మల్ని చూసి ఊరు నవ్వాల్సిన నవ్వు కూడా ఆయనే మోసుకున్నాడు, అదీ అంత పెద్ద గొంతుతో! ఇలాంటి మనిషి మా గల్లీలో పుట్టడం మా అదృష్టం అనిపించింది.

కాక తిరిగొచ్చి చాయ్ సగం తాగాక నిలదీశాను. "కాకా, నీకన్నీ ఎరికేనట గద?"

"నాకేం ఎరుక? మగ్గం నడిపేటోన్ని" అని గ్లాసులోకి చూస్తూ ఊదుకున్నాడు. అది చల్లారిపోయిన చాయ్.

అంతలో పచ్చటి గీత చివరికంటా వెళ్లింది. దామోదర్ సరిచూద్దామని కొత్త డిస్కులోంచి ఒక పాట పెట్టాడు. దుబ్బాక ముసలమ్మ పోశమ్మ గొంతు, కొంచెం వణుకుతూ, చప్పట్ల మధ్య నుంచి దుకాణమంతా పరుచుకుంది. హెల్మెట్ ఆయన హెల్మెట్ తీశాడు. వదిన ఊపిరి పీల్చుకుని, వెంట తానూ సన్నగా పల్లవి అందుకుంది.

పాట అయ్యాక దామోదర్ కొత్త డిస్కును డబ్బాలో బిగించి చేతికిచ్చాడు. "ఇగ ఫికరు లేదక్కా. గ్యారంటీ ఉన్నది. ఖరాబైతే కొత్తదిస్తం."

వదిన డబ్బా తీసుకుని రెండడుగులు వేసి ఆగింది. వెనక్కి తిరిగింది.

"తమ్మీ, ఖరాబైతే కొత్త డిస్క్ ఇస్తవు. అండ్లున్న పోశమ్మవ్వ పాట గూడ ఇస్తవా?"

దామోదర్ మెడ గోక్కున్నాడు. "ఇయ్యలేమక్కా. ఏ డిస్కయినా ఎప్పుడో ఒకనాడు పోయేదే. అందుకే ఇంకోదాంట్ల గూడ ఒక నకలు పెట్టుకోవాలె, అది వేరే ఇంట్ల ఉండాలె."

"గది ముందుగాల చెప్పవేంది? నకలుకు గా తిరిగేది సరిపోతదా? ఎన్నాళ్లకొకసారి నడిపిచ్చి చూడాలె? దీని తోడబుట్టినయి ఎవరింట్ల ఉన్నయి?" వదిన కుర్చీ లాక్కుని కూర్చుంది. దామోదర్ కూడా ఇంకో కుర్చీ లాక్కున్నాడు.

నేను కాక చెవి దగ్గర నోరు పెట్టాను. "కాకా, నువ్వేం అడగవా?"

"ఆమెనే అడుగుతున్నది గద, నేనెందుకు?" అన్నాడు కాక, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి గొంతు తగ్గించి. "నువ్వు జర జరుగు, నాకు వినపడ్తలేదు."