గట్టు మీది గుర్రం

సోంబరు ఇంట్లో చదరంగానికి ఒక పద్ధతుంది. చచ్చిన బొమ్మను డబ్బాలో పడేయకూడదు. ఆట ముగిసేదాకా పలక అంచున నిలబెట్టాలి. ఆ అంచును ఆయన గట్టు అంటాడు. ఆశ్రమ పాఠశాలలో వంట చేసే రోజుల్లో ఆట నేర్చుకున్నాడు గానీ, ఈ పద్ధతి ఎక్కడిదని అడిగితే కసురుకుంటాడు.

ఆయన కూతురు స్వర్ణ కంప్యూటర్ డిప్లొమా చదివి, గుమ్మలక్ష్మీపురంలో జిరాక్సు షాపులో పనిచేస్తోంది. రెండేళ్ల క్రితం వానాకాలంలో ఓ ఉదయం ఆమె, అన్న గాసి ఆడుతుండగా జీపు హారన్ మోగింది. ఎత్తు గాసిది. అప్పుడే అతని గుర్రాన్ని చంపి గట్టు మీద పెట్టింది స్వర్ణ. అతను లేచాడు.

“ఏటన్నా, ఓడిపోతావని పారిపోతన్నావా?”

“వచ్చి సెప్తాన్లే,” అని నవ్వుకుంటూ వెళ్లాడు. ఘాట్ మలుపులో జీపు బోల్తా పడింది.

ఆ పలక అలాగే అటక మీద ఉంది. ఒక్క బొమ్మా కదలకుండా సోంబరే దుమ్ము దులుపుతాడు. స్వర్ణకు మాత్రం తన చివరి మాట గొంతులో ముల్లై కూర్చుంది. అన్న నిజంగా ఓడిపోతున్నాడా? అది తేలకుండా ఆమెకు నిద్ర లేదు. అన్న వైపు ఆడే ప్రోగ్రామ్ రాసి, మిగిలిన ఆట పూర్తిచేయాలనుకుంది.

కంప్యూటర్‌కు పలకను ఎలా చూపాలన్న దగ్గరే నెలలు పట్టాయి. మొదట అరవై నాలుగు గళ్లనూ ఒకే వరసగా రాసింది. పలక కుడి అంచుకు చేరిన ఏనుగు అక్కడ ఆగకుండా తర్వాతి వరసలోకి దూరిపోయేది. అడుగడుగునా కాపలా కాయలేక, రెండోసారి చుట్టూ గోడలా అదనపు గళ్లు పెట్టి, నూట ఇరవై గళ్ల పలక చేసింది. గోడ తగిలితే బొమ్మ ఆగాలి, అంతే. ఆ గోడను చూడగానే ఆమెకు గట్టు గుర్తొచ్చింది. మహా తెలివైనది కదా, చచ్చిన బొమ్మలన్నిటినీ తెచ్చి అక్కడ నిలబెట్టింది. వేరే ఇంట్లో పుట్టినవాళ్లెవరూ ఆ పని చేయరు.

ఓ రాత్రి ఇంట్లో, లాప్‌టాప్‌లో అన్న ఆటను ఎక్కించి మీట నొక్కింది. గట్టు మీది గుర్రం పలకలోకి దూకింది.

స్వర్ణ తెరకు దగ్గరగా వంగింది. వెనక నిలబడ్డ సోంబరు స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

“గాసిగాడే. ఆడి గుర్రాన్ని ఆడే లేపుకున్నాడు.”

“కాదయ్యా. గోడలో పెట్టినదాన్ని ప్రోగ్రామ్ బతికుందనుకుంది. నా తప్పు.”

“నీ తప్పే అవనీ. మళ్లీ నొక్కు.”

మళ్లీ నొక్కింది. మళ్లీ దూకింది. ఆనాటి నుంచి ఆయనకు రోజూ ఇదే పని. లాప్‌టాప్ పక్కన గాసి గ్లాసులో టీ పెట్టేవాడు. చల్లారాక తానే తాగేవాడు. స్వర్ణకు భయమేసింది. తండ్రిని చూసి కాదు. షాపులో ఎవరూ లేనప్పుడు తానూ ఆ మీట నొక్కుతోంది.

మూడో పద్ధతి ఆమెకు ఎప్పుడో తెలుసు. ఒక్కో రకం బొమ్మకు ఒక్కో సంఖ్య. అందులో గడికొకటి చొప్పున అరవై నాలుగు స్థానాలు, బొమ్మ ఉన్నచోట ఒకటి, లేనిచోట సున్నా. అన్నిటికంటే వేగం ఇదే. కానీ ఇందులో గట్టు ఉండదు. బొమ్మ చస్తే ఒకటి కాస్తా సున్నా అవుతుంది. అందుకే ఇన్నాళ్లూ దాని జోలికి పోలేదు.

ఓ ఆదివారం మధ్యాహ్నం పళ్లు బిగబట్టి రాసేసింది.

“ఇంక గుర్రం రాదయ్యా,” అంది.

సోంబరు రోజూలాగే టీ గ్లాసు పెట్టాడు.

మీట నొక్కితే గాసి ఏనుగు కదిలింది. స్వర్ణ అడ్డం వేసింది. ఏనుగు ఇంకో అడుగు వేసింది. నాలుగో ఎత్తుకు ఆమె రాజుకు ఆటకట్టు. వెనక్కి వెళ్లి వేరేగా ఆడి చూసింది. ఎలా ఆడినా అంతే.

గుర్రం లేకుండానే అన్న గెలిచేవాడు. ఆ ఏనుగు ఆ రోజూ అక్కడే ఉంది. చూశాడు కాబట్టే నవ్వాడు.

“అన్నే గెలిసినాడయ్యా. నానే ఓడిపోతావన్నాను,” అని భోరుమంది.

సోంబరు అటక మీది పలక దించాడు. గట్టు మీది గుర్రాన్ని తీసి, దాని మొదటి గడిలో పెట్టి, చాలాసేపు వేలు తీయలేదు.

“ఆట అయిపోనాది. మిగతాయి నువ్వు పెట్టు గుంటా.”

స్వర్ణ అన్నిటినీ వాటి గళ్లలో సర్దింది. ముందు ఎత్తు ఎవరిదని అడగబోయి, అలవాటుగా, ఎదుట అన్న కూర్చునే చోటికి తలెత్తింది.