పాత స్టేషను అవతలి ఊరు

ఇలా దగ్గరకు జరిగి కూర్చోండి. ఫ్యాను కింద చోటుంది, కాళ్లు చాపుకోండి. పొద్దున్న మా కారిడార్లో ఎవరో సైకిలు నడిపించుకుంటూ వెళ్లారు. ఎక్కి తొక్కకుండా ఊరికే నడిపిస్తే వెనక చక్రం టిక్ టిక్‌మని ఒక చప్పుడు చేస్తుంది చూడండి, అది. పొయ్యి మీద పాలు పొంగడానికి వస్తున్నాయి, నా చేతిలో గరిటె ఉంది, అయినా కాళ్లు వాటంతటవే తలుపు దగ్గరకు వెళ్లాయి, షమీమ్ ఆంటీ వచ్చిందేమోనని. ఆవిడ పోయి ఏళ్లు గడిచాయి. నా చెవులకు ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.

మేము సింగపూరు వచ్చింది, రెండు వేల సంవత్సరం పుడితే కంప్యూటర్లన్నీ కళ్లు తేలేస్తాయని లోకమంతా హడలిపోతున్న రోజుల్లో. ఆ హడలు పుణ్యమా అని మా ఆయనకు ఉద్యోగం దొరికింది. సెంబవాంగులో ఎత్తు మీద ఒక ఫ్లాటు. నేను తణుకు దగ్గర పల్లెలో ఏడో తరగతితో బడి మానేసినదాన్ని. లిఫ్టులో అంకె నొక్కడం వచ్చు గానీ, కిందకు దిగాక ఎటు తిరగాలో తెలియదు. రైలెక్కితే ఎక్కడ దిగాలో అన్న బెంగ. అందుకని ఆయన వచ్చేదాకా కిటికీ ఊచలు పట్టుకుని నిలబడేదాన్ని. పక్క ఫ్లాటే షమీమ్ ఆంటీది. హైదరాబాదు పాతబస్తీలో పుట్టి, పెళ్లయి ఇక్కడికొచ్చి, ఇక్కడే జుట్టు నెరిసిన మనిషి. ఉర్దూ, తెలుగు, మలాయి మూడూ ఒకే గిన్నెలో కలిపి వడ్డించేది. అంకుల్ అప్పటికే లేరు. ఒక్కగానొక్క కూతురు నాజ్ ఫ్రాన్సులో ఉందని మాత్రం అనేది, అని వెంటనే వేరే మాట ఎత్తుకునేది.

ఒకరోజు నన్ను కిటికీ దగ్గర చూసి తలుపు కొట్టింది. "ఏందే రత్నా, పంజరంల చిలుక లెక్క నిలబడ్డవ్? కిందికి రా, సైకిల్ నేర్పిస్త." నేను నవ్వాను. ఈ వయసులో, పైగా చీరలో సైకిలేమిటని అన్నాను. "చీర కట్టుకొని ఎక్కితే, నీకన్న ముందు చైను కట్టుకుంటది ఆ చీర. ఇగో నా సల్వారు తొడుక్కో" అంది. దుపట్టాను భుజం మీంచి తెచ్చి నడుం దగ్గర ముడేసి, అరవై దాటిన మనిషి నా సీటు వెనక పట్టుకుని పరుగెత్తింది. పడ్డాను, లేచాను, మోచేయి గీసుకుంది. ఆవిడ పసుపు కోసం వెతకలేదు, నన్ను ఓదార్చనూ లేదు. "నేల నిన్ను చూసి పలకరించింది, అంతే. మళ్ల ఎక్కు."

తొక్కడం వచ్చాక ఆవిడతో తిరగడం మొదలైంది. పాత నౌకాస్థావరం వైపు, దొరలు వదిలేసి పోయిన నలుపు తెలుపు బంగళాలు, వాటి మీద గొడుగులు పట్టిన నిద్రగన్నేరు చెట్లు, చివర సముద్రపు ఒడ్డు, అవతలి గట్టున మలేషియా వాళ్ల జొహోరు. ప్రతి పాత గోడ దగ్గరా ఆవిడ సైకిలు ఆపేది. "గోడలకు చెవులుంటయంటరు గాని, పాత గోడలకు నోరు కూడ ఉంటది. జర నిలబడి విను." ఆవిడకో నియమం ఉండేది. ఇద్దరిలో ఎవరు మెల్లగా తొక్కుతారో వాళ్లే ముందుండాలి. అంటే నేనే. దారి తెలియనిదాన్ని నన్ను ముందు పెట్టి ఆవిడ వెనక వచ్చేది. మలుపు దగ్గర నేను ఆగి వెనక్కి చూస్తే, "నన్ను చూస్తవేంది, రోడ్డును చూడు. తెల్వకపోతే అడుగు, నోరుంది గద" అని కసిరేది. అలా అడిగి అడిగి, నా ఏడో తరగతితోనే నేను ఊరంతా తిరగగలిగాను.

నాజ్ సంగతి నాకు తెలిసింది ఒక పండుగ మర్నాడు, ఆ సముద్రపు ఒడ్డునే. ఇద్దరం చల్లటి టీ తాగుతున్నాం. ఆంటీ నీళ్లకేసి చూస్తూ ఉన్నట్టుండి చెప్పింది. "నా బిడ్డ సారా చేసేటోళ్ల ఇంటికి కోడలైందే. ద్రాక్ష తోటలట, పీపాలట. చదువుకోను పోయి ఆ పిల్లగాన్ని చేసుకుంది. ఆ గడప నేను తొక్కనని చెప్పిన." కూతురు ఫోన్ చేస్తే ఒంట్లో బాగుందా అని అడిగి పెట్టేసేదట. కోపమా అని అడిగాను. "కోపమైతే ఎప్పుడో దిగిపోయేది గదా. నమాజు చేసే చేతులతోని ఆ ఇంట్ల ఏం ముట్టాలె నేను?" అంది. ఆవిడది పంతం కాదని నాకు అప్పుడే తెలిసింది. భక్తి ఒక పక్క, బిడ్డ ఒక పక్క లాగుతుంటే మనిషి నడిమధ్య నిలబడిపోయింది.

ఆ తర్వాత కొన్నేళ్లకు మా ఆయన కంపెనీ ఆయన్ను రెండు నెలల పని మీద ఫ్రాన్సు పంపింది, బోర్దో అనే ఊరికి. నన్నూ తీసుకువెళతానన్నారు. ఈ మాట చెప్పగానే ఆంటీ ఏరుతున్న చుక్కకూర కట్ట వదిలేసి నావైపు చూసింది. "నీకు తోడుండాలె గద. నేనొస్త. నా టికెట్ నేను కొనుక్కుంట. పాత కోటలు, చర్చీలు చూడాలని ఎప్పటినుంచో ఉంది." కోటల మీద అంత ప్రేమ ఎక్కడి నుంచి ఊడిపడిందో నాకు తెలియదా? మా ఆయన మాత్రం నమ్మేశారు పాపం.

అక్కడ మేమిద్దరం అద్దె సైకిళ్ల మీద రోజూ తిరిగిన దారి ఒకటి ఉంది. పూర్వం రైలు నడిచిన దారట, పట్టాలు తీసేసి సైకిళ్లకు తారు వేశారు. రెండు పక్కలా చెట్లు కలిసిపోయి పచ్చటి గుహలా ఉంటుంది. చెట్లు విడిపోయిన చోట ద్రాక్ష తోటలు, దువ్వెనతో దువ్వినట్టు వరుసలు వరుసలుగా గుట్టలెక్కి దిగుతుంటాయి. ప్రతి వరుస చివరా ఒక గులాబీ మొక్క. దిష్టి తగలకుండా పెట్టారన్నాను నేను. తోటలో ఉన్న పెద్దాయన వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాడు, తెగులు వస్తే ముందు గులాబీకి వస్తుందట, అప్పుడు వీళ్లు తోటను కాపాడుకుంటారట. "దిష్టే కదండీ మరి, పేరు మార్చి చెబుతున్నారు" అన్నాను. ఆంటీ నవ్వీ నవ్వీ సైకిలు మీదకు ఒరిగిపోయింది.

ఒకరోజు పైకప్పు లేని పెద్ద చర్చి చూశాం. ఎప్పుడో కూలిపోయిందట. స్తంభాల మీద చెక్కిన మనుషులూ సింహాలూ ఉన్నాయి, వాటి మీద కప్పుగా ఆకాశం ఉంది, పిచ్చుకలు అటూ ఇటూ తిరుగుతున్నాయి. ఆంటీ చాలాసేపు ఆ రాతి మీద చెయ్యి వేసి నిలబడింది. "ఎవరి దేవుని ఇల్లైతేంది, కట్టినోళ్ల చేతులు నొచ్చే ఉంటయి" అంది. మరో రోజు దారి పక్క గడ్డిలో ఒక ఆకు కనిపించి, తుంచి నోట్లో పెట్టుకున్నాను. నాలుక జివ్వుమంది. మన చుక్కకూర చుట్టమే! "కడగకుండ తింటున్నవ్, కుక్కలు తిరిగే జాగ!" అని ఆంటీ అరిచింది. అరిచి, తనూ నాలుగు ఆకులు తుంచింది. సింగపూరు నుంచి మోసుకెళ్లిన కందిపప్పుతో ఆ సాయంత్రం పప్పు చేశాను. మా ఆయన వేళ్లు నాకారు.

ఇన్ని చూసినా, రోజూ ఒక పాత స్టేషను దగ్గరకు రాగానే ఆంటీ వెనక్కి తిప్పేది. ఇప్పుడది టీ కొట్టు. "ఇగ చాలు, మోకాళ్లు నొస్తున్నయి" అనేది. అదే మనిషి ఇంటికి వచ్చేటప్పుడు వెనక నుంచి గంట కొట్టి కొట్టి నన్ను తొందరపెట్టేది. ఏడో వారానికి అడిగేశాను.

"ఆంటీ, ఆ స్టేషను అవతల ఏ ఊరుంది?"

ఆవిడ టీ కప్పులో చెంచా తిప్పుతూనే ఉంది. "నాజ్ ఊరు" అంది చివరకు.

మా తిరుగు ప్రయాణం ఇంకో వారంలో ఉంది. తోటల్లో కోతలు మొదలయ్యాయి, దారి పొడవునా బండ్లు, బుట్టలు, తీయటి పచ్చి వాసన. మర్నాడు నేను స్టేషను దగ్గర ఆగలేదు. వెనక నుంచి "రత్నా! ఏయ్ రత్నా!" అని వినిపించినా తొక్కాను. కొంత దూరం పోయాక వెనక్కి చూస్తే ఆంటీ సైకిలు దిగి నడిపించుకుంటూ వస్తోంది. అడుగులో అడుగు. అంత మెల్లగా ఆవిడ నడవడం నేనెప్పుడూ చూడలేదు. దగ్గరకు వచ్చేదాకా ఆగాను.

"మీరు ముందు నడవండి ఆంటీ" అన్నాను.

"నా మాట నాకే అప్పజెప్తున్నవా?"

"మెల్లగా వచ్చేవాళ్లే కదా ముందుండాలి."

ఆవిడ కళ్లు తుడుచుకుంది. "ఆ ఇంట్ల ఏం ముట్టాలె చెప్పు. గ్లాసు ముట్టాలా, గిన్నె ముట్టాలా?"

"గిన్నెల సంగతి తర్వాత చూద్దాం. ముందు పిల్లను ముట్టుకోండి."

ఆంటీ దుపట్టాను నడుం దగ్గర ముడేసింది. సైకిలెక్కింది. ఆ ఊరిదాకా మిగిలిన మైలు దూరం మొదటిసారి నేను ఆవిడ వీపు చూస్తూ తొక్కాను.

ఇల్లు వెతకక్కర్లేకపోయింది, ఊరంతా ఆ వాకిట్లోనే ఉన్నట్టుంది. ట్రాక్టరు మీంచి ద్రాక్ష దింపుతున్నారు, కందిరీగలు ముసురుతున్నాయి. మోకాళ్ల దాకా బూట్లేసుకుని, జుట్టు ముడేసుకున్న ఒక అమ్మాయి తలెత్తి చూసింది. చేతిలో బుట్ట అలాగే ఉండిపోయింది. తర్వాత పరుగెత్తుకు వచ్చి, రెండడుగుల ముందు ఆగిపోయింది. మోచేతుల దాకా ఊదారంగు.

"అమ్మీ, నా చేతులు..." అంటూ వాటిని వీపు వెనక దాచుకుంది.

అల్లుడు కాబోలు, పొడుగాటి మనిషి, టోపీ తీసి దూరంగా నిలబడ్డాడు. నాజ్ గబగబా కుళాయి దగ్గర చేతులు రుద్ది కడుక్కుని లోపలికి వెళ్లింది. ఒక గ్లాసుతో వచ్చింది. ఇంకా తేరని నీళ్లలా మసకగా ఉంది లోపలిది. ఆంటీ ఒకడుగు వెనక్కి వేసింది.

"ఇది అది కాదు అమ్మీ. ఇప్పుడే పిండింది, ఒట్టి పండు రసం. పీపాలోకి పోయి పులిస్తేనే అది అయితది. ఇంకా పోలే." గ్లాసు ఇంకాస్త ముందుకు చాపింది. "ప్రతి సంవత్సరం కోత మొదలైన రోజు నీకని ఒక గ్లాసు తీసిపెడుత. పొద్దుగూకేదాక చూస్త. నువ్వు రావు. నేనే తాగేస్త."

వాకిట్లో ట్రాక్టరు ఆగిపోయింది. ఆంటీ గ్లాసు రెండు చేతులతో అందుకుని, బిస్మిల్లా అని, ఆగకుండా తాగింది. మూతి తుడుచుకుని అంది: "చక్కెర పాకం లెక్కుంది. జర నిమ్మకాయ పిండరాదు?"

నాజ్ ఏడుస్తూ నవ్వింది. ఆంటీ ఆ తడి చేతులు పట్టుకుని, గోళ్ల సందుల్లో ఇంకా మిగిలిన ఊదారంగును తన దుపట్టా కొంగుతో తుడవడం మొదలుపెట్టింది. అది పోయే రంగు కాదు. అయినా తుడుస్తూనే ఉంది.

అంతమాత్రాన ఆవిడ మారిపోయిందనుకోకండి. పీపాలుండే గదిలో ఎన్నడూ కాలు పెట్టలేదు. నాజ్ తన పని మానుకోనూ లేదు. కానీ ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్లు ప్రతి ఏడూ కోతల మొదటి వారానికి ఆంటీ అక్కడికి వెళ్లేది. ఒకే పండు రసం, పిండిన రోజు ఇద్దరూ తాగగలరు, కొన్నాళ్లకు పులిశాక ఒకరే తాగగలరు. ఆ ఒక రోజు ఎప్పుడొస్తుందో తెలుసుకుని ఆ రోజుకు అక్కడుండటమే ఆవిడ చేసింది.

నాకు చదువు లేదు, పెద్ద మాటలు రావు. ఇంట్లో మాటామాటా పెరిగితే నేను చేసేది ఇంతే. మొన్న మా అమ్మాయితో మనవణ్ణి తెలుగు క్లాసు మానిపించిందని గొడవపడ్డాను. ఫోన్ పెట్టేసింది. గంటలో దాని ఇల్లున్న బుకిట్ పంజాంగు వెళ్లే రైల్లో ఉన్నాను. తలుపు తీసి, "ఇంత వానలో ఎందుకొచ్చావమ్మా, టూ మచ్ లా" అంది ఇక్కడి సింగపూరు యాసలో. "ఏం లేదే, ఊరికే" అని చెప్పులు విప్పి లోపలికి వెళ్లాను. క్లాసు మాట ఆ రోజు ఇద్దరమూ ఎత్తలేదు. పక్కపక్కన కూర్చుని బఠాణీలు ఒలిచాం.

మీ ఇంట అలకలు అన్నం చల్లారేలోపే తీరిపోవాలి. మీ పిల్లలు ఏ దేశాన ఏ పని చేసుకుంటున్నా, వాళ్ల వాకిట్లో మీకొక పీట ఎప్పుడూ వేసి ఉండాలి. మీ మోకాళ్లు గట్టిగా ఉండాలి, అక్కడిదాకా వెళ్లే ఓపిక దేవుడు మీకివ్వాలి. పిల్లాపాపలతో చల్లగా ఉండండి.